అరుదైన ఇంటిపేరు మూలం, విస్తృతి: కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల వారికి సమగ్ర మార్గదర్శి

మీ ఇంటిపేరు చెప్పగానే ఎదుటివారు సరిగా వినబడనట్టు మళ్ళీ అడుగుతున్నారా? అయితే వంశ పరిశోధనలో మీరు అదృష్టవంతులు. వేల ఇళ్ళకున్న ఇంటిపేరు ఒకచోట పుట్టి వ్యాపించిందా, పదిచోట్ల దేనికదిగా పుట్టిందా అన్నది తేల్చడం దాదాపు అసాధ్యం. వందో రెండు వందలో ఇళ్ళకు పరిమితమైన పేరునైతే ఊరూరా లెక్కించవచ్చు. ఏ ఊరి నుంచి ఏ ఊరికి కదిలిందో గుర్తుపట్టవచ్చు. ఓపిక ఉంటే, ఎందుకు కదిలిందో కూడా చాలాసార్లు తెలుస్తుంది.

ఈ మూడు జిల్లాలు 2022 ఏప్రిల్ 4న మళ్ళీ విడిపోయి నంద్యాల, శ్రీ సత్యసాయి, అన్నమయ్య జిల్లాలు కూడా ఏర్పడ్డాయి. పాత కాగితాలన్నీ పాత జిల్లాల పేర్లతోనే ఉంటాయి కాబట్టి ఇక్కడ పాత పేర్లే వాడుతున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. ఇంటిపేరు ప్రస్తావన రాగానే మనవాళ్ళు నేరుగా అర్థం మీదికి వెళతారు. ఫలానా రాజు మెచ్చి ఇచ్చిన బిరుదు అనో, ఫలానా యుద్ధంలో పెట్టిన పేరు అనో ఒక కథ ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. ఆ కథను రాసి పక్కన పెట్టుకోండి, కొట్టిపారేయకండి, నమ్మనూ వద్దు. ఆ పేరున్న ఇళ్ళు ఇప్పుడు ఎక్కడున్నాయి, వందేళ్ళ కిందట ఎక్కడుండేవి అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికాక అర్థం సంగతి చూడాలి. ఈ వరుస తప్పితే నచ్చిన కథకు తగ్గ ఆధారాలను ఏరుకోవడమే జరుగుతుంది.

మొదటి అడుగు: పెద్దవాళ్ళను ఏమని అడగాలి

"మన ఇంటిపేరు ఎలా వచ్చింది?" అని అడిగితే వచ్చేది కథే. పరిశోధనకు పనికొచ్చే ప్రశ్నలు వేరే ఉన్నాయి. మన ఇంట్లో ఎవరైనా పోతే ఏ ఏ ఊళ్ళ వాళ్ళకు మైల పడుతుంది? ఏ ఇళ్ళతో అన్నదమ్ముల వరస, అంటే ఎవరితో పెళ్ళి సంబంధం కుదరదు? ఇంటి దేవుడు ఎవరు, పిల్లలకు పుట్టువెంట్రుకలు ఎక్కడ తీయిస్తారు? మన పొలానికి నాలుగు దిక్కులా ఎవరి పొలాలు ఉండేవి? తాతగారి తాత పేరు తెలియని పెద్దాయన కూడా ఈ ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెబుతారు. ఎందుకంటే ఇవి ఆయన విన్న కథలు కావు, బతుకులో పాటించిన కట్టుబాట్లు.

మైల ప్రశ్న అన్నిటికంటే విలువైనది. ఒకే ఇంటిపేరు ఉన్నంత మాత్రాన దాయాదులు కారు. ఊరి పేరు మీద వచ్చిన ఇంటిపేరైతే అదే పేరు మూడు నాలుగు కులాల్లో కనిపించవచ్చు, వాళ్ళకు ఒకరితో ఒకరికి రక్తసంబంధం ఉండకపోవచ్చు. ఇంటిపేరు, గోత్రం, ఇంటి దేవుడు, మైల నాలుగూ కలిసిన ఇళ్ళను మాత్రమే ఒక గుంపుగా రాసుకోండి. ఒక్కటి తేడా వచ్చినా వేరే పుటలో రాయండి.

ఇంటి ఆడపడుచులను తప్పనిసరిగా అడగాలి. పుట్టింటి ఇంటిపేరు విడిచి వెళ్ళినా, ఏ తరంలో ఎవరిని ఏ ఊరికి ఇచ్చారో, అక్కడి నుంచి ఎవరిని తెచ్చుకున్నారో వాళ్ళకు గుర్తున్నంతగా మగవాళ్ళకు ఉండదు. ఎనభై దాటిన మేనత్త ఉంటే ఈ వ్యాసం మిగతా భాగం తర్వాత చదవవచ్చు, ముందు ఆమె దగ్గరికి వెళ్ళండి. రికార్డు గదిలోని కాగితం వచ్చే ఏడాది కూడా అక్కడే ఉంటుంది.

ఇంట్లో పెట్టుకున్న పేర్లనూ ఒక వరుసలో రాయండి. మన సీమలో పేర్లు ఇంటి దేవుడి చిరునామా చెబుతాయి. ఓబులేసు, ఓబుళమ్మ అంటే అహోబిలం. మద్దిలేటి అంటే బేతంచర్ల దగ్గరి మద్దిలేటి నరసింహస్వామి. ఉరుకుందప్ప, ఈరన్న అంటే కౌతాళం మండలంలోని ఉరుకుంద. కదిరప్ప అంటే కదిరి నరసింహుడు. హిందూపురం వైపు స్థిరపడిన ఇంట్లో తరతరానికీ ఒక మద్దిలేటి ఉంటే, ఆ ఇల్లు ఉత్తరాన కర్నూలు వైపు నుంచి దిగి ఉండవచ్చని అనుమానించడానికి అది తగిన కారణం. తాత పేరు మనవడికి పెట్టే అలవాటు వల్ల ఒకే పేరు తరం విడిచి తరం వస్తుంది. అన్నదమ్ములందరికీ ఒకే దేవుడి పేరు పెట్టి పెద్ద, నడిపి, చిన్న అని చేర్చడమూ ఉంది. నడిపి ఓబులేసునూ చిన్న ఓబులేసునూ ఒకే మనిషిగా కలిపేస్తే వంశవృక్షం మొత్తం పక్కకు జరిగిపోతుంది. ప్రతి పేరు పక్కన తండ్రి పేరు, భార్య పేరు రాసుకుంటే ఈ ప్రమాదం ఉండదు.

రెండో అడుగు: పేరు ఎన్ని రకాలుగా రాస్తారో జాబితా వేయడం

వెతకడం మొదలుపెట్టే ముందు మీ ఇంటిపేరుకు ఎన్ని రూపాలు ఉండవచ్చో రాసుకోండి. ల, ళ మారతాయి. న, ణ మారతాయి. శ, ష, స కలిసిపోతాయి. వత్తులు పోతాయి, లేనిచోట వచ్చి చేరతాయి. బండి ఱ ఉన్న పాత కాగితంలో పేరు వేరుగా కనిపిస్తుంది. "వారు", "గారి", "ఇంటి" లాంటి చివరి మాటలు ఒక దస్తావేజులో ఉండి మరోదానిలో ఉండకపోవచ్చు. ఇంగ్లీషు అక్షరాల్లోకి వెళితే గందరగోళం ఇంకా పెరుగుతుంది. త, ట ఒక్కటవుతాయి, ద, డ ఒక్కటవుతాయి, దీర్ఘం ఎక్కడుందో తెలియదు. ఒకే తండ్రి బిడ్డల పదో తరగతి సర్టిఫికెట్లలోనే రెండు రకాలుగా ఉండటం మామూలు విషయం.

మూడో అడుగు: ఇళ్ళ లెక్క

ఇంటిపేర్ల వారీగా జనాభా లెక్కలు ప్రభుత్వం ప్రచురించదు. జనగణనలో ఇంటింటికీ నింపిన పత్రాలను 1948 జనగణన చట్టం గోప్యంగా ఉంచుతుంది, వాటిని బయటివారు చూసే వీలు లేదు. ప్రపంచంలో మీ ఇంటిపేరు ఎంతమందికి ఉందో చూపుతామనే వెబ్‌సైట్ల లెక్కలను తెలుగు పేర్ల విషయంలో నమ్మలేం. మన ఇంటిపేరు చాలా రికార్డుల్లో ఒక్క పొడి అక్షరంగా మిగిలిపోతుంది. పాస్‌పోర్టుల్లో చాలామందికి రెడ్డి, నాయుడు, రావు లాంటి చివరి మాటే ఇంటిపేరు గడిలోకి ఎక్కుతుంది. అందువల్ల అసలు ఇంటిపేరు విదేశీ లెక్కల్లో మాయమైపోతుంది.

మనకు అందుబాటులో ఉన్న మంచి ఆధారం ఓటరు జాబితా. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో నియోజకవర్గాల వారీగా, పోలింగ్ కేంద్రాల వారీగా తెలుగులో దొరుకుతుంది. పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వయసు, లింగం ఉంటాయి. ఇంటిపేరు కొన్నిచోట్ల ముందు, కొన్నిచోట్ల చివర పడుతుంది, కొన్నిచోట్ల పొడి అక్షరమే ఉంటుంది. ఈ పీడీఎఫ్‌లలో మాట టైపు చేసి వెతకడం తరచుగా కుదరదు, కళ్ళతో చదవాలి. అందుకే మూడు జిల్లాల జాబితాలు ఒకేసారి ముందేసుకోకండి. పెద్దవాళ్ళు మైల చెప్పిన ఊళ్ళతో మొదలుపెట్టి, ఆ మండలం, తర్వాత చుట్టూ ఉన్న మండలాలు అన్నట్టు బయటికి వెళ్ళండి. మీ పేరున్న ఊరి నుంచి ఏ దిక్కుకు వెళ్ళినా వరుసగా రెండు మండలాల్లో ఒక్క ఇల్లూ కనబడకపోతే ఆ దిక్కున ఆగవచ్చు.

లెక్కించవలసినది ఇళ్ళను. పెళ్ళయిన స్త్రీలు సాధారణంగా భర్త ఇంటిపేరుతో నమోదవుతారు. కాబట్టి మనుషులను లెక్కిస్తే ఇంటి కోడళ్ళు చేరి, ఆడబిడ్డలు తప్పిపోతారు. ఇంటి నంబరుకు ఒక్క వరుస చొప్పున ఊరు, మండలం, ఇంటి నంబరు, అందరికంటే పెద్ద వయసువారి పేరు, వారి తండ్రి పేరు రాయండి. డెబ్భై అయిదేళ్ళ మనిషి తండ్రి పేరు దొరికిందంటే మీరు 20వ శతాబ్దం తొలి దశకాల్లో పుట్టిన తరాన్ని అందుకున్నట్టే. పక్కపక్క ఇంటి నంబర్లలో ఒకే ఇంటిపేరు ఉంటే వాళ్ళు పాత ఇంటిని పంచుకున్న అన్నదమ్ముల బిడ్డలు అయ్యుండే అవకాశం ఎక్కువ.

ఓటరు జాబితాలో 18 ఏళ్ళ లోపువారు ఉండరు. మొత్తం జనాభా అంచనా కావాలంటే రెండు మూడు ఊళ్ళలో ఆ ఇళ్ళకు స్వయంగా వెళ్ళి ఎంతమంది ఉన్నారో లెక్కించి, ఓటర్లకూ మొత్తం మనుషులకూ ఉన్న నిష్పత్తిని మిగతా ఊళ్ళకు వర్తింపజేయండి. పోల్చి చూడటానికి 2011 జనగణన సంఖ్యలు ఉపయోగపడతాయి. అప్పటి హద్దులతో అనంతపురం జిల్లాలో 40.81 లక్షలు, కర్నూలులో 40.53 లక్షలు, కడపలో 28.82 లక్షల మంది. మూడూ కలిపితే సుమారు కోటీ పది లక్షలు. మీ ఇంటిపేరు 1,100 మందికి ఉందని తేలిందనుకుందాం, అంటే ప్రతి పదివేల మందిలో ఒకరికి ఉన్నట్టు. అయితే ఆ 1,100 మందిలో తొమ్మిది వందల మంది ఒక్క జమ్మలమడుగు, మైలవరం మండలాల్లోనే ఉంటే జిల్లా సగటుకు పెద్ద అర్థం లేదు. ఎంతమంది అన్న అంకె కన్నా ఎంత దగ్గరదగ్గరగా ఉన్నారన్నదే మూలాన్ని పట్టిస్తుంది. మండలాల పటం మీద ఇళ్ళ సంఖ్య వేసి చూడండి. ఒకచోట చిక్కగా ఉండి చుట్టూ పలచబడితే ఒకే మూలం కావచ్చు. రెండు దూరపు చోట్ల విడివిడిగా చిక్కగా ఉంటే, మధ్యలో ఏమీ లేకపోతే, వలసైనా కావాలి, రెండు వేర్వేరు మూలాలైనా కావాలి.

నాలుగో అడుగు: భూమి కాగితాలు

పటంలో చిక్కగా ఉన్న ఊరు ఏదో తెలిశాక ఆ ఊరి రెవెన్యూ రికార్డుల్లోకి వెళ్ళాలి. ఇప్పటి అడంగల్ (ఏ సర్వే నంబరు ఎవరి సాగులో ఉందో చెప్పే లెక్క), 1బీ (పట్టాదారు హక్కుల పత్రం) మీభూమి వెబ్‌సైట్‌లో కనిపిస్తాయి. అవి నేటి పట్టాదారుల వరకే పనికొస్తాయి. వెనక్కి వెళ్ళడానికి తహసీల్దారు కార్యాలయంలో, కలెక్టరేటు రికార్డు గదిలో ఉండే ఆర్ఎస్ఆర్, డైగ్లాట్ రిజిస్టర్లు, ఫేర్ అడంగళ్ళు కావాలి. ఇవన్నీ సర్వే నంబర్ల వారీగా రాసిన పాత భూమి లెక్కలు. బ్రిటిషు కాలపు సర్వే, సెటిల్మెంటులో తయారైన డైగ్లాట్‌లో ప్రతి సర్వే నంబరుకూ పట్టాదారు పేరు ఉంటుంది. చాలా కుటుంబాలకు ఇంటిపేరుతో సహా ముత్తాత పేరు మొదటిసారి కనబడేది అందులోనే.

ఈ లెక్కల్లో సంవత్సరం ఫసలీలో ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. ఆ ఏడాది జులైలో మొదలై మరుసటి జూన్‌తో ముగుస్తుంది. ఫసలీ 1310 అంటే 1900 జులై నుంచి 1901 జూన్ వరకు.

మాన్యం భూములున్న కుటుంబాలు ఇనాం ఫేర్ రిజిస్టరును మొదట చూడాలి. 19వ శతాబ్దం రెండో సగంలో ఇనాం కమిషన్ ప్రతి మాన్యాన్నీ విచారించి, ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, ఇప్పుడు అనుభవిస్తున్నవారికి ఆ మొదటి మనిషితో ఏ సంబంధం అన్నది రాయించింది. కరణాలు, పూజారులే కాదు, తలారి, నీరుగట్టు, వడ్రంగి, కమ్మరి, కుమ్మరి లాంటి ఊరి పని చేసిన కుటుంబాల పేర్లూ అందులో దొరుకుతాయి. రాజుల చరిత్రలోకి ఎన్నడూ ఎక్కని ఇళ్ళకు ఇంత పాత లిఖిత సాక్ష్యం ఉండటం చాలా పెద్ద విషయం. దాన్ని వదులుకోకండి.

ఇక రిజిస్ట్రేషన్ దస్తావేజులు. 1983 నుంచి ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ధ్రువపత్రం, ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. అంతకు ముందువాటికి సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రుసుము కట్టి ఇండెక్సు పుస్తకాలు వెతికించాలి. మొదటి ఇండెక్సు మనుషుల పేర్ల మీద, రెండోది ఆస్తుల మీద ఉంటుంది. అన్నిటికంటే ఫలితమిచ్చేది భాగపరిష్కార దస్తావేజు. తండ్రి, కొడుకులు, చనిపోయిన కొడుకు పిల్లలు, అందరూ ఒకే కాగితంలో వరసలతో సహా కనిపిస్తారు. విక్రయ దస్తావేజుల్లోనూ చెక్కుబందీ వివరాలు వదలకండి. తూర్పున ఎవరి భూమి, పడమర ఎవరి భూమి అన్నచోట పంచుకున్న దాయాదుల పేర్లే తరచుగా వస్తాయి. "పూర్వం ఫలానా గ్రామం, ప్రస్తుతం ఫలానా గ్రామ కాపురస్థులు" అన్న వాక్యం కనబడితే వలసకు లిఖితపూర్వక ఆధారం చేతికి వచ్చినట్టే. ఆస్తి పంపకం మీద కోర్టుకు వెళ్ళిన కుటుంబమైతే దావా కాగితాల్లో వంశవృక్షమే జతచేసి ఉంటుంది.

ఇల్లటం సంగతి మన జిల్లాల వారు ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాలి. మగపిల్లలు లేని ఇంట్లో అల్లుడిని తెచ్చుకుని కొడుకుతో సమానంగా ఆస్తి హక్కు ఇచ్చే ఆచారం ఇది. పాత మద్రాసు హైకోర్టు కూడా గుర్తించింది. ఇల్లటపు అల్లుడు దత్తపుత్రుడు కాడు, సాధారణంగా తన పుట్టింటి ఇంటిపేరే ఉంచుకుంటాడు. కాబట్టి ఒక సర్వే నంబరులో ఒక తరం నుంచి మరో తరానికి ఇంటిపేరు హఠాత్తుగా మారితే భూమి అమ్ముడైందని అనుకోకండి. ఆ ఇంటి రక్తం కూతురి వైపు నుంచి అక్కడే కొనసాగుతూ ఉండవచ్చు. కొన్ని ఇంటిపేర్లు అరుదుగా మిగలడానికి ఇదీ ఒక కారణం.

భూమి లేని కుటుంబాల చరిత్ర ఈ పుస్తకాల్లో దొరకదు. వాళ్ళకు బడి ప్రవేశ రిజిస్టర్లు మంచి ఆధారం. పిల్లవాడి పూర్తి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అందులో ఉంటాయి. క్రైస్తవ కుటుంబాలైతే కడప, జమ్మలమడుగు, గుత్తి, నంద్యాల, ముత్యాలపాడు, కర్నూలు ప్రాంతాల్లో పాత మిషన్లు నడిపిన చర్చిల బాప్తిస్మ, వివాహ రిజిస్టర్లను పాస్టరుగారి అనుమతితో చూడవచ్చు.

ఏ రికార్డు ఏ జిల్లాలో వెతకాలి

ఇక్కడ చాలామంది దారి తప్పుతారు. అనంతపురం జిల్లా ఏర్పడింది 1882లో, అంతకు ముందు అది బళ్ళారి జిల్లాలో భాగం. కర్నూలు 1839 వరకు నవాబు పాలనలో ఉంది. 1858లో జిల్లాగా ఏర్పడినప్పుడు కోయిలకుంట్ల, కంభం ప్రాంతాలు కడప నుంచి, పత్తికొండ బళ్ళారి నుంచి వచ్చి కలిశాయి. కదిరి తాలూకా 20వ శతాబ్దం మొదట్లో కడప నుంచి అనంతపురానికి మారింది. మదనపల్లె, వాయల్పాడు 1911లో చిత్తూరు జిల్లాలోకి వెళ్ళాయి. ఆదోని, ఆలూరు, రాయదుర్గం 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి నుంచి ఇటు వచ్చాయి. కంభం, మార్కాపురం, గిద్దలూరు 1970లో ఒంగోలు జిల్లాలో చేరాయి. మీ ఊరు ఏ కాలంలో ఏ జిల్లాలో ఉందో ఒక చీటీ మీద రాసుకుని వెతకండి. జిల్లా కేంద్రాల్లో దొరకని మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలు చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు పురాభిలేఖాగారంలో ఉండవచ్చు.

అయిదో అడుగు: ఎందుకు కదిలారు

రెండు చోట్ల చిక్కగా ఉన్న గుంపులను కలిపే దారి ఈ నేల చరిత్రలో ఉంటుంది. పెద్దది 1876-78 కరువు. సీమలో దాన్ని ధాత కరువు అంటారు, ధాత నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి. ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయిన కాలం అది. పెద్దవాళ్ళు "ధాత కరువులో వచ్చాం" అంటే తేదీ చెప్పినట్టే. అరవై ఏళ్ళకోసారి అదే పేరున్న సంవత్సరం మళ్ళీ వస్తుంది కనుక, చెప్పినవారి వయసును బట్టి ఏ ధాత అన్నది సరిచూసుకోవాలి.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాక 1807 వరకు కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పాలెగాళ్ళను అణచివేశాడు. వాళ్ళను నమ్ముకున్న కట్టుబడి బంట్లు, అంటే వాళ్ళ కొలువులోని కాపలా సైనికులు, కొత్త బతుకుదెరువు చూసుకోవలసి వచ్చింది. మగ్గం పని చేసే ఇళ్ళు ధర్మవరం, ఎమ్మిగనూరు, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు లాంటి నేత కేంద్రాల మధ్య తిరిగాయి. ఇటీవలి కాలంలో అయితే జలాశయాలు. శ్రీశైలం ముంపులో వందకు పైగా గ్రామాలు పోయి, 1981లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల జనం చెల్లాచెదురయ్యారు. గండికోట జలాశయం కింద కడప జిల్లా ఊళ్ళు మునిగాయి. మీ లెక్కలో ఒక మండలంలో ఇళ్ళు ఉన్నట్టుండి తగ్గి పట్టణంలో పెరిగితే ముందు ముంపు గ్రామాల జాబితా చూడండి.

రాసిన ఆధారం దొరకనిచోట వంశాలు చెప్పేవాళ్ళను అడగాలి. గోత్రాలు, ఇంటిపేర్లు పాడి వినిపించడం వృత్తిగా బతికిన పిచ్చకుంట్ల వారు ఇప్పుడు వంశరాజులుగా గుర్తింపు పొందారు. కన్నడ సరిహద్దు ఊళ్ళలో హెళవలు ఇదే పని చేస్తారు. పద్మశాలీలకు కూనపులి వారు, సాధనాశూరులు ఉన్నారు. ఈ వృత్తిలో ఉన్నవారు తగ్గిపోతున్నారు. ఎవరైనా దొరికితే అనుమతి అడిగి ఫోనులో రికార్డు చేయండి, వాళ్ళ శ్రమకు తగిన సంభావన ఇవ్వండి. శ్రీశైలం, అహోబిలం, మహానంది సత్రాల గోడల మీది దాతల ఫలకాలనూ ఫొటో తీసుకోండి. ఇంటిపేరు, ఊరు, సంవత్సరం మూడూ ఒకేచోట చెక్కి ఉంటాయి.

ఆరో అడుగు: ఇప్పుడు అర్థం

ఊరు, కాలం, కులవృత్తి, కదిలిన దారి చేతిలో ఉన్నాక పేరును విప్పి చూడవచ్చు. ఊరి పేరైతే ఆకారం మారుతుంది. ఊరు అన్నది ఊరి అవుతుంది, పాడు అన్నది పాటి అవుతుంది, నాడు అన్నది నాటి అవుతుంది. గోపవరం మొల్ల ఇంటిపేరు ఆతుకూరి, కందిమల్లాయపల్లె వీరబ్రహ్మంగారిది పోతులూరి. ఇద్దరూ ఇంటిపేరులోని ఊరితో కాక మరో ఊరితో ప్రసిద్ధులు కావడం గమనించండి. ఎవరైనా తాము ఉన్న ఊళ్ళోనే ఆ ఊరి పేరుతో పిలిపించుకోరు, కొత్త ఊరికి వెళ్ళాకే "ఫలానా ఊరివాళ్ళు" అవుతారు. కాబట్టి ఊరి పేరున్న ఇంటిపేరుకు మూలం వెతికేటప్పుడు ఆ ఊళ్ళో మీ పేరువాళ్ళు ఎవరూ లేరని నిరాశపడకండి. చుట్టూ ఒకటి రెండు రోజుల నడక దూరంలో చిక్కగా ఉన్నారేమో చూడండి. దీనికి మినహాయింపు ఊరితో హక్కో అధికారమో ఉన్న కుటుంబాలు. తాళ్ళపాక అన్నమాచార్యులు (1408-1503) పుట్టింది రాజంపేట దగ్గరి తాళ్ళపాకలోనే.

ఇంటిపేరు మారిపోవడమూ ఉంది. అనంతపురం జిల్లా చియ్యేడులో 1914లో పుట్టిన పుట్టపర్తి నారాయణాచార్యులుగారి పూర్వుల ఇంటిపేరు తిరుమలవారు, పుట్టపర్తిలో స్థిరపడ్డాక అది మారింది. 1847లో కోయిలకుంట్లలో ఉరికంబమెక్కిన నరసింహారెడ్డిని లోకం ఉయ్యాలవాడ అన్న ఊరిపేరుతో తలచుకుంటుంది, ఇంటిపేరు మజ్జారి. సురభి నాటక కళాకారులకు సురభి కడప జిల్లాలోని ఊరు, మూల కుటుంబం ఇంటిపేరు వనారస. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుల్లో వినిపించే దళవాయి, విజయనగర కాలంలో సేనాపతికి ఉన్న పదవి పేరు. సురభివారూ నిమ్మలకుంటవారూ మరాఠీ నేల నుంచి వచ్చిన కుటుంబాలు. మీ ఇంటిపేరు తెలుగు నిఘంటువులో ఎక్కడా తగలకపోతే కన్నడ, మరాఠీ నిఘంటువులు కూడా చూడాలని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణలు ఉండవు. పాత తెలుగు మాటలకు 1852 నాటి బ్రౌన్ నిఘంటువు ఇప్పటికీ ఉపయోగపడుతుంది.

మీరు అనుకున్న ఊరు పటంలో లేకపోవచ్చు. రెవెన్యూ లెక్కల్లో జనం లేని గ్రామాన్ని బేచిరాకు అంటారు. పాత జిల్లా జనగణన పుస్తకాల్లో ఇలాంటి గ్రామాలు పేరుతో, నంబరుతో సహా కనిపిస్తాయి. ఇంకా వెనక్కి వెళ్ళాలంటే కైఫీయత్తులు ఉన్నాయి. కాలిన్ మెకంజీ సహాయకులు 19వ శతాబ్దం తొలినాళ్ళలో ఊరూరా తిరిగి సేకరించిన గ్రామ చరిత్రలు ఇవి. కడప జిల్లావి కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం సంపుటాలుగా అచ్చువేసింది. అప్పటి కరణాలు, పాలెగాళ్ళు, ఊళ్ళు పాడుబడిన వైనాలు అందులో ఉంటాయి. మామూలు రైతు ఇంటిపేరు అందులో దొరకాలని ఆశించకండి, ఊరి కోసం చదవండి.

ఏడో అడుగు: రాసి పెట్టడం, తేలనివాటిని తేల్చడం

ప్రతి వివరం పక్కన అది ఎక్కడ దొరికిందో రాయండి. నోటి మాట అయితే చెప్పినవారి వరస, చెప్పిన తేదీ. కాగితం అయితే కార్యాలయం, ఫసలీ, సర్వే నంబరు. బతికి ఉన్నవారి ఫోను నంబర్లు, ఆధార్ వివరాలు, ఇంటి నంబర్లు బయటికి ఇచ్చే ప్రతిలో ఉంచకండి. ఊరి పేరు, ఇళ్ళ సంఖ్య సరిపోతాయి. రికార్డు కార్యాలయం జవాబివ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు, 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి.

అన్నీ చూశాక కూడా రెండు దూరపు గుంపులు ఒకటో కాదో తేలకపోతే చివరి మార్గం తండ్రి నుంచి కొడుకుకు వచ్చే వై క్రోమోజోము పరీక్ష. ఇంటిపేరు నడిచే దారీ అదే కాబట్టి రెండు గుంపుల నుంచీ మగవారి నమూనాలు పోల్చవచ్చు. అయితే దత్తత జరిగిన శాఖలో ఇంటిపేరు ఒక దారిలో, రక్తం మరో దారిలో నడుస్తాయి. అందుకని ఒక్కొక్క గుంపు నుంచి ఒక్కరితో సరిపెట్టకుండా వేర్వేరు ఊళ్ళ నుంచి ఇద్దరు ముగ్గురిని తీసుకోవాలి, ఫలితం ఏమి రావచ్చో వాళ్ళకు ముందే విడమరచి చెప్పి సమ్మతి తీసుకోవాలి. సరిపోలితే రెండు గుంపులనూ ఒకే పటంలోకి తెచ్చి, మధ్యనున్న ఊళ్ళ ఫేర్ అడంగళ్ళు మళ్ళీ వెతకండి. సరిపోలకపోతే రెండు మూలాలుగా రాసి, దేని పటం దానికి వేయండి.